బదిలీ పత్రము చెప్పని సంగతి

ప్లస్ టూ ఫలితములు వెలువడగానే మన తల్లిదండ్రులకు రెండవ పరీక్ష ఆరంభమగుచున్నది. మొదటి పరీక్ష బిడ్డది, రెండవది కాగితములది. మార్కుల పట్టిక, కుల ధ్రువపత్రము, ఆదాయ పత్రము, బదిలీ పత్రము మొదలైన వానినన్నిటిని ఒక సంచిలో వేసికొని కోవిల్‌పట్టి నుండియు, విరుదునగరము నుండియు, నడుమనున్న సాత్తూరు పల్లెల నుండియు కళాశాలల గుమ్మములెక్కువారిలో పలువురిని ఒకే జంకు పీడించుచున్నది. "మా బిడ్డ మూడు బళ్ళు మారినది. అడిగిరేని ఏమని చెప్పుదుము?" అని వారు ఒకరినొకరు విచారించుకొనుచున్నారు.

ఈ జంకునకు కారణము లేదు. బడి మారుట నేరమని ఏ చట్టమునందును లేదు. మారిన సంగతిని దాచుట, సగము చెప్పుట, అన్నిటికంటె మిన్నగా మారుటకు ముందు ఎవరినీ అడుగకపోవుట, ఇవియే మన బిడ్డలకు కీడు చేయుచున్నవి. ఇందులో మొదటి రెంటిని దరఖాస్తు వ్రాయునాడైనను దిద్దుకొనవచ్చును. మూడవదానిని దిద్దుట ఎవరి తరమును గాదు. కనుక ఈ వారము ఈ విషయమును కొంత విపులముగా వ్రాయదలచితిమి.

మన బిడ్డలు బడి ఏల మారుచున్నారు? తల్లిదండ్రుల చపలచిత్తమే కారణమని పట్టణమువారు కొందరు తలంతురు. వారు మన నల్లరేగడి పల్లెలను చూచి యెరుగరు. పంచాయతీ యూనియను ప్రాథమిక పాఠశాల అయిదవ తరగతితో ఆగిపోవును. మాధ్యమిక పాఠశాల ఎనిమిదవ తరగతితో ఆగును. ప్రభుత్వ ఉన్నత పాఠశాల పదవ తరగతితో ముగియును. పదునొకండు, పండ్రెండు తరగతులు కావలెనన్నచో మేల్నిలై పాఠశాలను వెదకుకొని పోవలయును. అనగా ఇల్లు మారకయే, ఇంటి ముందటి వేపచెట్టు నీడ విడువకయే, ఒక బిడ్డ నాలుగు బళ్ళలో చదువవచ్చును! ఇక వానలు తప్పిన యేడు తండ్రి తిరుప్పూరునకో, చెన్నైకో పనికి పోవుట, అగ్గిపెట్టెల పని తగ్గుట, మిల్లు పనివారిని వేరొక ఊరికి మార్చుట మనకు క్రొత్తలు కావు. మన పూర్వులు విజయనగర కాలమునుండి ఈ సీమకు తరలివచ్చినవారే. అయితే వారికి బదిలీ పత్రముల బాధ లేకుండెను.

బదిలీ పత్రము, అనగా మనము వాడుకలో టి.సి. అనుకొను కాగితము, ఏమి చెప్పునో శ్రద్ధగా చదివిన తల్లిదండ్రులు తక్కువ. తమిళనాడు పాఠశాలల టి.సి. అడుగుభాగమున ఒక పట్టిక ఉండును. పాఠశాల పేరు, విద్యా సంవత్సరములు, చదివిన తరగతులు, మొదటి భాష, బోధనా మాధ్యమము అని అందు గడులు కలవు. పైభాగమున చేరిన తేది, విడిచిన తేది, నడవడి, పై తరగతికి అర్హుడైనాడా లేదా అను వివరములుండును. ఎప్పుడు మారెనో ఇది చెప్పును. ఎందుకు మారెనో విపులముగా చెప్పుటకు ఇందు చోటు లేదు. ఆ ఎందుకు అను మాటను పూరింపవలసినవారు విద్యార్థియు, వాని తల్లిదండ్రులును.

అన్నిచోట్లను వివరణ వ్రాయనక్కరలేదు. మన ప్రాంతపు కళా విజ్ఞాన కళాశాలలలో చేరిక చాలవరకు ప్లస్ టూ మార్కులను బట్టియే జరుగును. కోవిల్‌పట్టిలో 1966లో స్థాపింపబడిన జి. వేంకటస్వామి నాయుడు కళాశాలకు పోయినను, విరుదునగరములో 1947లో వెలసిన సెందికుమార నాడార్ కళాశాలకు పోయినను, గుమాస్తా ముందుగా చూచునది కాగితములు సరిపోవుచున్నవా అనియే గాని బిడ్డ జీవిత చరిత్ర గాదు. ఇంజనీరింగు దరఖాస్తులో ఏ తరగతి ఏ ఊరిలో, ఏ బడిలో చదివితివని వరుసగా అడుగుదురు; అచ్చట ఒక గడి తప్పిన యెడల కథ చెప్పి దిద్దుటకు వీలు లేదు. ప్రిన్సిపాలుగారు పిలిచి ముఖాముఖి మాటలాడు చోట, విద్యార్థి వేతనములిచ్చు ధర్మసంస్థల వద్ద, విదేశీ కళాశాలల దరఖాస్తులలో మాత్రము వివరణకు నిజమైన విలువ కలదు.

ఆ వివరణ ఎట్లుండవలెను? "కుటుంబ పరిస్థితుల వలన" అని వ్రాయువారు చాలమంది. ఈ మాటకు అర్థము లేదు. చదువరికి దీనివలన అనుమానమే పెరుగును. మరికొందరు పాత బడి ఉపాధ్యాయులను నిందించుచు రెండు పుటలు నింపుదురు. అది ఇంకను చెరుపు. ఒక నమూనాను చూడుడు: "2022 వరకు మా యూరి మాధ్యమిక పాఠశాలలో ఎనిమిదవ తరగతి ముగించితిని. అచ్చట తొమ్మిదవ తరగతి లేదు. తొమ్మిది, పది తరగతులు కోవిల్‌పట్టిలో చదివితిని. 2024లో మా తండ్రిగారి పని విరుదునగరమునకు మారినందున తక్కిన రెండు తరగతులు అచ్చట చదివితిని. నడుమ ఏ సంవత్సరమును పోలేదు." అయిదే వాక్యములు. తేదులున్నవి, కారణమున్నది, ఏడ్పు లేదు. టి.సి. పట్టికతో దీనిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక్క అంకెయైనను తేడా రాదు. ఇంతకు మించి ఎవరును అడుగరు.

నడుమ ఒక యేడు పోయియున్నచో అదియును చెప్పవలయును. కామెర్లు వచ్చి పరీక్ష వ్రాయలేదనుటకు, తల్లి మరణించి ఇంటిపని మీద పడెననుటకు సిగ్గేల? ఆసుపత్రి చీటి ఉన్నచో జతపరుపుడు. తమిళ మాధ్యమము నుండి ఇంగ్లీషు మాధ్యమమునకు మారినందున మొదటి యేడు మార్కులు పడిపోయినచో ఆ మాటను ఒక వాక్యములో వ్రాసి, మరుసటి యేటి మార్కులను చూపుడు. పుంజుకొన్న మార్కులే సాక్ష్యమిచ్చును. తోటి పిల్లల వేధింపుల వలన బడి విడువవలసి వచ్చిన బాలబాలికల సంగతి సున్నితమైనది. పేర్లెత్తక, "అచ్చటి వాతావరణము చదువునకు అనుకూలింపలేదు, క్రొత్త బడిలో నిలుకడగా చదివితిని" అన్న చాలును. బిడ్డకు ఇష్టము లేని సంగతిని తండ్రి పట్టుబట్టి వ్రాయించుట తగదు.

ఇంతవరకు చెప్పినది వివరణతో తీరు సంగతి. వివరణతో తీరని సంగతి వేరొకటి యున్నది. దానిని గురించి మన కుటుంబములలో తెలిసినవారు తక్కువ కాబట్టి అక్కడ కొంత నిలిచి వ్రాయుచున్నాము.

2020లో తమిళనాడు ప్రభుత్వమువారు ఒక చట్టమును చేసిరి. వైద్య, దంతవైద్య మొదలగు కోర్సులలో ప్రభుత్వ కోటా సీట్లలో నూటికి 7.5 వంతు ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు కేటాయింపబడినవి. 2021లో ఇట్టి కేటాయింపే ఇంజనీరింగు, వ్యవసాయము, పశువైద్యము, న్యాయశాస్త్రము మొదలగు వానికిని విస్తరింపబడినది. ఈ కేటాయింపు పొందుటకు ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలోనే చదివి యుండవలెను. ఎనిమిది వరకు విద్యాహక్కు చట్టము క్రింద ప్రైవేటు బడిలో ఉచిత సీటు పొంది, తొమ్మిది మొదలు ప్రభుత్వ బడిలో చదివినవారికి మినహాయింపు కలదు. పంచాయతీ యూనియను, పురపాలక సంఘముల బడులును ప్రభుత్వ బడులుగానే లెక్కింపబడును. అయితే ప్రభుత్వ సహాయము పొందు ప్రైవేటు పాఠశాల, అనగా మనవారు ఎయిడెడ్ బడి యనునది, ఈ లెక్కలో చేరదు. సహాయ పాఠశాలల పక్షమున వాదములు జరిగినను, 2022 ఏప్రిలులో మదరాసు ఉన్నత న్యాయస్థానము ఈ చట్టమును సమర్థించినది.

దీని ఫలమేమి? ఊహకు ఒక బాలికను తీసికొందము. పల్లెలో యూనియను బడిలో ఎనిమిది చదివినది. తొమ్మిది, పది తరగతులకు పట్టణములో పేరుగల ఎయిడెడ్ బడిలో చేరినది. మేనమామ ఇల్లు ఆ బడి ప్రక్కనే యుండుట ఒక్కటే కారణము. పిమ్మట పదునొకండు, పండ్రెండు తరగతులు ప్రభుత్వ బాలికల పాఠశాలలో చదివినది. ఆ రెండేండ్లకు జీతము కట్టినది లేదు, హోదా పెరిగినది లేదు. కాని ఏడు తరగతులలో రెండు తప్పినందున 7.5 వంతులో ఆమెకు పాలు పోయినది. విరుదునగరమునందే 2022 జనవరి 12న ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కళాశాల మన గుమ్మములోనికి వచ్చినది. ఆ బాలిక మేనమామ ఇంటి సౌకర్యము చూచుకొని దానిలో ఒక వాకిలిని మూసికొన్నది. ఆమె ఎంత చక్కని వివరణ వ్రాసినను ఈ నిబంధన కరగదు.

వింత యేమనగా, ఇదే ప్రభుత్వము వేరొక పథకమున ఎయిడెడ్ బడిని అంగీకరించినది. ప్రభుత్వ బడులలో చదివి కళాశాలలో చేరిన బాలికలకు నెలకు వేయి రూపాయలిచ్చు పుదుమైప్పెణ్ పథకము 2022 సెప్టెంబరు 5న ఆరంభమైనది. 2024 డిసెంబరు 30న తూత్తుకుడిలో, సహాయ పాఠశాలలలో తమిళ మాధ్యమమున చదివినవారికిని దీనిని విస్తరించిరి. బాలురకు 2024 ఆగస్టులో ఆరంభించిన తమిళ్ పుదల్వన్ పథకమునందును సహాయ పాఠశాలల తమిళ మాధ్యమమువారిని చేర్చిరి. ఒకే టి.సి.ని చూచి ఒక కార్యాలయము అవుననును, వేరొకటి కాదనును. తల్లిదండ్రులు తికమకపడుటలో ఆశ్చర్యము లేదు. సహాయ పాఠశాలలలో చదువువారును పేదల బిడ్డలేయని మేము నమ్ముచున్నాము. చట్టము వారిని వేరుగా చూచుట న్యాయమని మాకు తోచుట లేదు. అయినను చట్టము మారువరకు దానిని తెలిసికొని నడచుకొనవలసినదే. అయిదవ తరగతి ముగిసిన నాడును, ఎనిమిది ముగిసిన నాడును ఈ ప్రశ్న వేసికొనవలయును గాని ప్లస్ టూ ముగిసిన పిమ్మట గాదు.

రెండవ ప్రమాదము మన భాషాభిమానము నుండియే పుట్టుచున్నది. పదవ తరగతి కాగానే బిడ్డను విజయవాడకో, తిరుపతికో, నెల్లూరునకో ఇంటర్మీడియెట్ చదువుటకు పంపు కుటుంబములు మనలో కలవు. "తెలుగు దేశము గదా, అచ్చటనే వైద్య కళాశాలలో సీటు రాదా" అని వారి యాశ. రాజ్యాంగము 371-డి అధికరణమును అనుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము అచ్చట స్థానికుడగుటకు, అర్హత పరీక్షతో ముగియు నాలుగు వరుస సంవత్సరములు ఆ ప్రాంతములో చదివి యుండుట ముఖ్యమైన కొలత. తెలంగాణములో వైద్య ప్రవేశములకు విధించిన నాలుగేండ్ల నిబంధనను సర్వోన్నత న్యాయస్థానము 2025 సెప్టెంబరు 1న సమర్థించినది. ఇంటర్మీడియెట్ రెండేండ్లే గదా! కనుక ఇంటిలో తెలుగు మాటలాడినంత మాత్రమున, పోతన పద్యములు కంఠస్థమైనంత మాత్రమున మన బిడ్డ అచ్చట స్థానికుడు కాజాలడు. ఇచ్చటికి మరలి వచ్చినచో తమిళనాడు స్వస్థల ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. ఆంధ్ర బోర్డువారి మైగ్రేషన్ పత్రము కావలెను. విశ్వవిద్యాలయపు అర్హతా పత్రము కావలెను. కోవిల్‌పట్టి కళాశాలయైనచో తిరునెల్వేలి మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయము, విరుదునగరమైనచో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయము. రెండు ఊళ్ళ నడుమ గంట ప్రయాణమే గాని పోవలసిన కార్యాలయములు వేరు. ప్రభుత్వ బడి విద్యార్థియైనచో 7.5 వంతును పోవును. పంపవద్దని మేము చెప్పుట లేదు. తెలిసి పంపుడని చెప్పుచున్నాము.

ఇట్లు పోయినవారికి మరియొక చిక్కు కలదు. మన తమిళనాడులో పేరునకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరము నిలుచును. ఆంధ్రలో ఇంటిపేరు నిలుచును. ఇచ్చటి పదవ తరగతి పత్రములో ఒక్క అక్షరముతో నున్న బాలుడు అచ్చటి దరఖాస్తులో ఇంటిపేరు అను గడిని చూచి, తాతగారు చెప్పిన ఇంటిపేరును సంతోషముతో వ్రాయును. రెండేండ్లకు ఆ సంతోషము తీరును: ఒకే బాలునకు రెండు పేర్లు. వెంకటసామి, వెంకటస్వామి, లచ్చుమి, లక్ష్మి అను తేడాలు ఇంగ్లీషు అక్షరములలో ఇంకను పెరుగును. ఇంటిపేరు మన సొత్తు. దానిని పెండ్లి పత్రికలో వ్రాసికొందము. బడి కాగితములలో మాత్రము పదవ తరగతి పత్రములో నున్న పేరునే అక్షరము తప్పక వ్రాయుడు.

భాష గడిని గూర్చి ఒక మాట. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము ప్రకారము తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగా నిర్బంధమై, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. మన వంటి అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల కెక్కి కొన్ని సంవత్సరములకు మినహాయింపులు పొందిరి. 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము ఒక యేడు పొడిగించినది. అట్టి మినహాయింపు పొందిన విద్యార్థి పదవ తరగతి పట్టికను ఆ వ్యవహారమెరుగని చోట చూపునప్పుడు "న్యాయస్థానపు ఉత్తరువుననుసరించి తమిళ పత్రము నుండి మినహాయింపు" అని ఒక వాక్యము చేర్చుట మంచిది. లేనిచో తమిళము తప్పినాడని తలంచుటకు అవకాశమున్నది. బడి మారునప్పుడు రికార్డులో మాతృభాష తెలుగు అనియే ఉన్నదా యని చూచుకొనుడు. తొందరలో గుమాస్తా తమిళమని వ్రాసిన యెడల, తెలుగు అల్పసంఖ్యాక హోదాగల కళాశాలలలో సీటు కోరునాడు మనము తెలుగువారమని మనమే రుజువు చేసికొనవలసి వచ్చును.

అమెరికాలో బంధువులున్న కుటుంబములవారు అచ్చటి పద్ధతిని అడుగుచుందురు. అచ్చట పలు కళాశాలలు అంగీకరించు కామన్ అప్లికేషను అను దరఖాస్తులో చదివిన ఉన్నత పాఠశాలలన్నియు వ్రాయవలెను. పాత బడిని ఏల విడిచితివని సూటిగా అడుగుదురు. మనము పైన చెప్పిన అయిదు వాక్యములే అచ్చటను చాలును. బడి మార్పును ఒక వీరగాథగా మలచి ఇచ్చెదమని రుసుము పుచ్చుకొను దళారులు నగరములలో వెలసియున్నారు. వారికి ఇచ్చు సొమ్ముతో బిడ్డకు పుస్తకములు కొనుట మేలు.

కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్‌లో మన తెలుగు కుటుంబమున పుట్టిన కి. రాజనారాయణన్‌గారు ఉన్నత పాఠశాల చదువే పూర్తి చేయలేదు. తెలుగువారి వలసను గోపల్ల గ్రామముగా తమిళమున కథ చేసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము పొంది, పాండిచ్చేరి విశ్వవిద్యాలయమున ఆచార్య పదవిని అలంకరించి, 2021లో కీర్తిశేషులైరి. ఆయనను టి.సి. అడిగినవారు లేరు. కాని అట్టివారు నూరేండ్లకొకరు. మన బిడ్డలను మాత్రము తప్పక అడుగుదురు.

పాఠశాలల పెద్దలకును ఒక విన్నపము. విద్యాహక్కు చట్టము 5వ విభాగము ప్రకారము ఎనిమిదవ తరగతి లోపు విద్యార్థి అడిగినంతనే ప్రధానోపాధ్యాయులు టి.సి. ఇయ్యవలెను, టి.సి. ఆలస్యమైనదని క్రొత్త బడివారు చేర్చుకొనకుండరాదు. జీతపు బాకీ కొరకు టి.సి.ని పట్టియుంచుట, దానిపై బాకీ సంగతి వ్రాయుట తగదని 2024 జూలైలో మదరాసు ఉన్నత న్యాయస్థానము అభిప్రాయపడినది. బాకీ తండ్రిది, దాని మచ్చ బిడ్డ కాగితముపై పడుట ధర్మము కాదు.

తల్లిదండ్రులు ఇప్పుడు చేయవలసిన పని చిన్నది. క్రొత్త బడివారు అసలు టి.సి.ని తీసికొని తమ వద్దనే ఉంచుకొందురు. కనుక ఇచ్చుటకు ముందు ప్రతి టి.సి.కిని రెండు జిరాక్సు ప్రతులు తీసి ఇంట భద్రపరుపుడు. ఇదివరకే ఇచ్చివేసినవారు ఆయా బడులకు పోయి, ఏ యేడు ఏ తరగతి ఏ మాధ్యమమున చదివినాడో తెలుపు బోనఫైడు పత్రమును ముద్రతో వ్రాయించుకొనుడు. సెలవులలో ప్రధానోపాధ్యాయులు దొరకుట కష్టము. వేసవికి ముందే పోవుట మంచిది. ఈ యేడు అయిదు, ఎనిమిది, పది తరగతులు ముగించు బిడ్డలున్నవారు, బడి నిశ్చయించుటకు ముందు, ఆ కాగితములతో ఆదివారము ఉదయము మన సంఘ కార్యాలయమునకు వచ్చినచో, ఆ యేటి నిబంధనలను దగ్గర పెట్టుకొని కూర్చుండి చూచుటకు ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు అంగీకరించియున్నారు.